నొప్పి తెలియని కాలు

మా ఆయన కాలు విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆయనా విన్నాడు. విని, ఇద్దరం కలిసి మగ్గాన్ని వెతికాం. కట్టె ఎక్కడ విరిగిందోనని ఒక్కొక్క పలకనూ తడిమి చూశాం. కాలిని మాత్రం చూడలేదు. ఎందుకు చూస్తాం? నొప్పి లేదు కదా.

నాకు సంతకం పెట్టడం వరకే చదువు. నేను చెబుతుంటే మా కూతురు రాస్తోంది. మధ్యలో చేయి ఆపి, "అమ్మా, ఇది గూడా రాయాల్నా?" అంటుంది. రాయమనే చెబుతున్నాను. ఆయన తప్పులు రాసి నా తప్పులు దాచిపెడితే అది చెప్పినట్టు కాదు.

మాది ధర్మవరం దగ్గర పల్లె. నేత ఇల్లు. ఆయన నాకు మేనమామ, మా అమ్మకు తమ్ముడు. పుట్టినప్పటి నుంచి మామా అని పిలిచిన మనిషినే పెళ్లి చేసుకున్నాను కాబట్టి తర్వాత కూడా మామా అనే పిలిచాను. అత్త అంటే నాకు అవ్వే, మా అమ్మను కన్న తల్లి. ఇంట్లో ఒకటే మగ్గం, గుంట మగ్గం. నేలలో మోకాళ్ల లోతు గుంట ఉంటుంది. నేసే మనిషి గుంట అంచు మీద కూర్చుని కాళ్లు లోపలికి దించి, అడుగున ఉండే పలకలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతాడు. కుడి పలక తొక్కితే సగం దారాలు లేస్తాయి, ఎడమది తొక్కితే మిగతా సగం. చేతులు పైన అడ్డదారం మోసే నాడెను విసురుతుంటాయి. కళ్లు బట్ట మీద ఉంటాయి. కాళ్ల వైపు ఎవరూ చూడరు. చూస్తూ నేసేవాడు నేతగాడు కాదని మా వాళ్లు నవ్వుతారు.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు అనుకుంటాను, వానలు లేవు. శనక్కాయ చేలు మొలకలోనే మాడిపోయాయి. ఊరి బోరింగు దగ్గర కడవలు వరస పెట్టి మధ్యాహ్నం దాకా కాచుకుంటే రెండు కడవలు దొరికేవి. ఆ ఏడే ఆయనకు దప్పిక పట్టుకుంది. నేను తెచ్చిన కడవ దించకముందే చెంబు ముంచేవాడు.

"ఏమిరా, మనిషివా ఎద్దువా? కడవ నీళ్లు నువ్వొక్కడివే తాగితే ఇంట్లో కడమోళ్లు గడ్డి తినాల్నా?" అని అవ్వ అరిచేది.

"దప్పికైతాంటే ఏం సేసేదిమా? నోట్లో నిప్పులు పోసినట్టుండాది" అనేవాడు ఆయన.

ఎండాకాలం దప్పిక అనుకున్నాం. ఎండాకాలం పోయింది, దప్పిక పోలేదు. మనిషి చూస్తుండగానే సగమయ్యాడు. ధర్మవరంలో ఒక డాక్టరు చూసి చక్కెర జబ్బు అన్నాడు. మాత్రలు ఇచ్చాడు. ఒక గాజు గొట్టమూ, ఒక సీసా నీలం నీళ్లూ ఇచ్చాడు. ఆ నీలం నీళ్లలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఎక్కువ, ఇటుక రంగు వస్తే చాలా ఎక్కువ. మా ఆయన రంగులు తెలిసిన మనిషి. డాక్టరు నాలుగు రంగులు చెబితే ఆయన గొట్టాన్ని వెలుతురుకు పెట్టి పది రంగులు చెప్పేవాడు. "ఇది నెమలి కంటం మే. పొద్దున కంటే ఒక అద్దకం తక్కువే" అనేవాడు. నవ్వుకునేవాళ్లం.

ఆ నవ్వే మా మొదటి తప్పు. నాలుగు రోజులు నీలం వస్తే జబ్బు పోయిందని మాత్రలు ఆపేసేవాడు. ఇటుక రంగు వస్తే మళ్లీ మొదలుపెట్టేవాడు. ఇలా మూడు నాలుగేళ్లు గడిచాయి. నేనేమో వీధిలో ఎవరు ఏది చెబితే అది మానిపించాను. వరి అన్నం మానిపించాను, అది సరే. పాలు కూడా మానిపించాను, పాలల్లో తీపి ఉంటుందని ఎవరో అన్నారని. పొద్దున సంగటి, సాయంత్రం సంగటి. ఒట్టి కారంతో పెట్టిన రోజులు కూడా ఉన్నాయి. పథ్యం చేయిస్తున్నానని నాకు గర్వం.

మొదట కాళ్లలో చీమలు పాకినట్టుంది అన్నాడు. కొన్నాళ్లకు చీమలు పోయాయి అన్నాడు. పోవడం మంచిదే అనుకున్నాం. ఒకరోజు సంత నుంచి ఒక చెప్పుతో వచ్చాడు.

"రెండో సెప్పు ఎవరికి దానం సేసి వచ్చినావురా?" అంది అవ్వ.

ఆయన కాళ్ల వైపు చూసుకుని నిలబడిపోయాడు. దారిలో చెప్పు జారిపోయింది, తెలియలేదు. రాళ్ల దారిలో అంత దూరం ఒట్టి కాలితో నడిచాడు, అదీ తెలియలేదు. అవ్వ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కానీ ఏం అడగాలో కూడా తెలియలేదు.

సంగతి నాకు బట్ట చెప్పింది. ఆయన నేసిన చీర నేను మడత పెడుతుంటే అంచు పక్కన చిన్న గీత కనిపించింది. పలక తప్పు తొక్కితే పడే గీత అది. చెయ్యి తిరిగిన మనిషికి ఏడాదికి ఒకటి పడినా ఎక్కువే. ఆ చీరలో నాలుగున్నాయి. తర్వాతి దాంట్లో లెక్క పెట్టడం మానేశాను. తలెత్తి చూస్తే ఆయన మెడ వంచి గుంటలోకి చూసుకుంటూ నేస్తున్నాడు.

"మామా, కాళ్లు సూస్కోని నేస్తాండావే?" అన్నాను.

"యా పలక మీద ఉండాదో తెల్డం ల్యా మే" అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు, అవ్వ వింటుందని. "కాలు యాడనో పోతాండాది."

ఆ కాలును దారిలో పెట్టాలని ఉపాయం చెప్పింది నేనే. పాత చీర అంచు చింపి పీలిక చేశాను. గుంటలోకి దిగి, కుడి పలకకు ఒక మెలిక వేసి, అందులోకి ఆయన కుడి పాదం ముందు భాగం దూర్చి బిగించాను. కాలు పలక మీద నుంచి జారకుండా ఉంటుందని. ఎంత బిగించినా ఆయన "నొస్తాంది" అనలేదు కాబట్టి ఇంకొంచెం బిగించాను. పని బాగా సాగింది. గీతలు పడటం ఆగిపోయింది. ఆయన నన్ను మెచ్చుకున్నాడు కూడా. "సదువుకోనుంటే ఇంజనీరు అయ్యేదానివి మే" అన్నాడు. నేను మురిసిపోయాను.

అలా పది పదిహేను రోజులు. అప్పుడు మగ్గం మీద ఒక పెళ్లి చీర ఉంది. పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారి మనిషి వీధిలోంచి పేరు పెట్టి పిలిచాడు. ఆయన మాట్లాడదామని గబుక్కున లేచాడు. పీలిక సంగతి మరిచిపోయాడు. పైన ఒళ్లు ఒక వైపు తిరిగింది, కింద పాదం పలకకు కట్టేసి అలాగే ఉంది. పక్కకు ఒరిగి గుంట అంచు మీద పడ్డాడు. అప్పుడే ఆ చప్పుడు. ఎండు కంది పుల్ల విరిచినట్టు, ఒకటే.

"పలక ఇరిగినట్టుంది, సూడు మే!" అన్నాడు.

నేను కిందికి దిగి చూశాను. కుడి పలక బాగుంది, ఎడమది బాగుంది. పైన కట్టెలు చూశాం. అన్నీ బాగున్నాయి. సావుకారి మనిషి కూడా వచ్చి చూశాడు. ఏదీ విరగలేదని ముగ్గురం సంతోషపడ్డాం. ఆయన పీలికలోంచి కాలు తీసుకుని, వీధి దాకా నడిచి, ఆ మనిషిని సాగనంపి వచ్చాడు. విరిగిన కాలితో.

మరుసటి రోజు పాదం ఉబ్బింది. ఎర్రగా, చెయ్యి పెడితే ఉడుకుగా ఉంది. అవ్వ చింతపండు, ఉప్పు ఉడకబెట్టి పట్టు వేసింది. బెణికింది, మూడు రోజుల్లో పోతుంది అంది. ఆయన పట్టు కట్టుకునే గుంటలో కూర్చున్నాడు. పెళ్లి చీర ముహూర్తానికి అందాలి. పైగా నొప్పి లేదు. మేం ముగ్గురం అదే మాట అనుకున్నాం. నొప్పి లేదంటే ఏముంటుంది? ఎద్దుకైనా మనిషికైనా నొప్పి ఉంటేనే కదా జబ్బు.

వారమైనా వాపు దిగలేదు. గోరంట్ల వైపు ఒక పల్లెలో విరిగిన ఎముకలకు కట్టు కట్టే పెద్దాయన ఉంటే, రెండు బస్సులు మారి తీసుకుపోయాను. మా చుట్టుపక్కల చెయ్యి విరిగినా కాలు విరిగినా ఆయన దగ్గరికే పోయేవాళ్లు. చూపు సన్నగిల్లిన మనిషి. వేళ్లతోనే చూస్తాడు. పాదం ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కాడు.

"ఈడ నొప్పా?"

"ల్యాదు."

"ఈడ?"

"ల్యాదు పెద్దాయనా."

ఇంకా గట్టిగా నొక్కాడు. మా ఆయన నవ్వాడు, కితకితలు పెడితే నవ్వినట్టు కాదు, పరీక్ష పాసైనవాడు నవ్వినట్టు.

"ఏమప్పా, ఇరిగిన ఎముక మీద ఏలు పెడితే పైల్వాను గూడా అమ్మా అంటాడు. నువ్వు నవ్వుతాండావు. ఇది ఇరగలేదు పో. నరాల వాపు" అన్నాడు పెద్దాయన. ఒక సీసా నూనె ఇచ్చి నాతో అన్నాడు, "రోజూ రెండు పూటలా బాగ తిక్కమ్మా. సేతులు నొప్పి పుట్టేదాకా తిక్కు."

రుద్దాను. నేను చేసిన పనుల్లో దీన్ని తలుచుకుంటేనే నాకు అన్నం లోపలికి పోదు. పొద్దునా సాయంత్రం, మోకాలి మీద ఆ పాదం పెట్టుకుని, బలమంతా పెట్టి రుద్దాను. లోపల ఏదో గరగరమనేది. సంగట్లో ఇసక పడితే పంటి కింద వచ్చే చప్పుడు. నరం సరిపడుతోంది అనుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని ఆ గరగర వింటూ, "దారికొస్తాండాది" అనేవాడు. విరిగిన ముక్కల్ని ఒకదానికేసి ఒకటి నా చేతులతో నేనే రాపిడి పెట్టాను. నలభై రోజులు. ఆ నలభై రోజులూ ఆయన నేశాడు. పెళ్లి చీర పూర్తి చేశాడు. అందరూ బాగుందన్నారు.

ఒకరోజు స్నానం చేస్తుంటే చూశాను. తడి కాలితో రాతి మీద నిలబడితే అందరి అడుగూ మధ్యలో సన్నగా పడుతుంది. ఆయన అడుగు మధ్యలోనే లావుగా పడింది. పాదం కూలిపోయింది. మధ్య భాగం కిందికి దిగి, కుండ అడుగులా ఉబ్బుగా వచ్చింది.

మళ్లీ పెద్దాయన దగ్గరికే పరిగెత్తాం. ఆయన ఈసారి నొప్పా అని అడగలేదు. రెండు చేతులతో పాదం పట్టుకుని మెల్లగా కదిపాడు. తర్వాత మా ఆయన ముఖం వైపు తిరిగి, ఆ సన్నగిల్లిన చూపుతోనే చూశాడు.

"నా సేతికి ఎముకలు కదుల్తాండాయి. ముక్కలు ముక్కలుగా ఉండాయి. నువ్వేమో గమ్ముగా కూసోనుండావు" అన్నాడు. "నేను నాలుగైదు వందల కాళ్లు కట్టింటా. మనిషి కేకే నాకు దారి సూపిస్తాది. నీకు కేక ల్యాదు. పాపా, ఇది నాకు అయ్యేది కాదు. నేను సెప్పింది తప్పయిపోయినాది. అనంతపురం పెద్దాసుపత్రికి తీస్కపో. దావలో నడిపించొద్దు."

తప్పు ఒప్పుకున్న మనిషిని నేను ఆయన్నొక్కడినే చూశాను. నూనె సీసా ఆయన గడప దగ్గరే పెట్టేసి వచ్చాం.

అనంతపురంలో డాక్టరు వయసులో చిన్నవాడు. కోస్తా వైపు మనిషిలా ఉంది మాట. ఫొటో తీయించి వెలుతురుకు పట్టాడు. నాకు చదువు రాదు కానీ అది చూస్తే అర్థమైంది. ఎడమ పాదంలో ఎముకలు చేపముల్లులా వరసగా ఉన్నాయి. కుడి పాదంలో గులకరాళ్లు చల్లినట్టు ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి నడుస్తున్నాడమ్మా దీని మీద?"

"నడ్సడమే కాదు సార్, నేస్తాండాడు గూడా" అన్నాను.

ఆయన నా ముఖం చూసి, తిట్టబోయి ఆగినట్టు ఆగాడు. షుగరు ఎంతకాలంగా ఉంది, మాత్రలు సరిగా వేసుకున్నాడా అని అడిగాడు. మా ఆయన అబద్ధం చెప్పాడు. నేను నిజం చెప్పాను.

"సక్కెర ఎముకను గూడా తింటాదా సార్?" అని అడిగాను.

"తినడం కాదమ్మా. ఏళ్ల తరబడి రక్తంలో షుగరు ఎక్కువగా ఉంటే ముందు పాదంలో స్పర్శ పోతుంది. ఎముకలోనూ పస పోతుంది. పైకి చూస్తే మామూలుగానే, గట్టిగానే కనపడుతుంది. చిన్న దెబ్బకే విరుగుతుంది. విరిగితే అందరికీ అతుక్కున్నట్టు తొందరగా అతుక్కోదు. మామూలు మనిషయితే నొప్పితో మంచం దిగడు, అదే అతన్ని కాపాడుతుంది. మీ ఆయనకు ఆ కాపలా లేదు. విరిగిన దాని మీదే తొక్కీ తొక్కీ పొడి చేసుకున్నాడు."

పస పోయి పైకి బాగా కనిపించడం అంటే ఏమిటో నాకు వెంటనే తెలిసింది. పచ్చి పట్టును సబ్బు నీళ్లలో ఉడకబెడతాం. ఉడుకు ఎక్కువైతే మెరుపు ఏమీ తగ్గదు, చూడ్డానికి ఇంకా బాగుంటుంది. మగ్గానికి ఎక్కించి లాగితే టప్‌మని తెగుతుంది. మా ఆయన వైపు చూశాను. ఆయనకూ అదే తోచినట్టుంది, తల వంచుకున్నాడు.

పాలు మానిపించినట్టు చెబితే డాక్టరు తల పట్టుకున్నాడు. పాలు లెక్కగా తాగవచ్చట, పప్పు తినాలట. నా పథ్యం గర్వం అక్కడే పోయింది.

మోకాలి దాకా పిండికట్టు వేశారు. నాలుగు నెలలు, ఇంకా ఎక్కువైనా కావచ్చు, ఆ పాదం నేలకు ఆనకూడదు. "ఆనితే ఏమైతాది సార్?" అని ఈయన అడిగాడు. "పుండు పడుతుంది. చీము పడితే కాలు తీసేయాలి. అంతే" అన్నాడు డాక్టరు. ఏమీ మెత్తగా చెప్పలేదు. మెత్తగా చెబితే మా ఆయన వినే రకం కాదని కనిపెట్టినట్టున్నాడు.

ఇంటికొచ్చాక గుంటలో నేను కూర్చున్నాను. పెళ్లి చీర తర్వాత, మగ్గానికి నిలువుగా ఎక్కించిన అదే పడుగు మీద ఇంకో రెండు చీరలకు సరిపడా దారం మిగిలి ఉంది. అప్పటికి మా వీధిలో ఆడవాళ్లు దారం చుట్టేవాళ్లు, పడుగు సరిచేసేవాళ్లు, తెగిన దారాలు అతికేవాళ్లు. గుంటలో కాళ్లు పెట్టి నేసేది మగవాళ్లు. అవ్వకు అది నచ్చలేదు. ఆయనకు ఇంకా నచ్చలేదు. గోడ పక్కన మంచం మీద, కాలు దిండ్ల మీద పెట్టుకుని, నా చేతుల వైపే చూస్తుండేవాడు. నాకు నాడె ఒక్కోసారి చెయ్యి జారి ఎగిరి పడేది. ఆయన కళ్లు మూసుకునేవాడు. ఒక మాట అంటే బాగుండేది. అనేవాడు కాదు.

ఇరవై రోజులయ్యాయో లేదో. మధ్యాహ్నం బోరింగు దగ్గర కడవ నింపుకుని వస్తున్నాను. మా వీధి మొదట్లోనే మగ్గం చప్పుడు వినిపించింది. వీధిలో పది మగ్గాలుంటాయి. కానీ ప్రతి మనిషికీ ఒక దెబ్బ ఉంటుంది. రెండు పొట్టి దెబ్బలు, ఒక పొడుగు దెబ్బ. అది ఆయన దెబ్బ. కడవ అక్కడే దించేశాను. దించానో, పడేశానో.

ఆయన గుంటలో ఉన్నాడు. పిండికట్టు కాలు పలక మీద పెట్టి తొక్కుతున్నాడు. కట్టు మడమ దగ్గర పగిలి తెల్ల పొడి గుంట నిండా రాలింది. అవ్వ గడపలో కూర్చుని, కొడుకు మళ్లీ నేస్తున్నాడని సంతోషంగా పాత గుడ్డలు కత్తిరిస్తోంది.

"లెయ్యి మామా" అన్నాను.

"నాలుగు అంగుళాలు నేసి లేస్తా."

"డాక్టరు ఏం సెప్పినాడు? కాలు తీసేస్తారంట. ఇన్లేదా?"

"నొప్పి ల్యాదు మే! ఈ సూడు," అని ఇంకా గట్టిగా తొక్కాడు, "ఈ సూడు! నొప్పి ల్యాని దానికి నేనెందుకు మంచంలో పీనిగ మాదిరి పడుండాల? పెండ్లాం గుంటలో కూసుంటే మొగుడు గోడ కాడ కూసోని సూసేది బతుకా?"

"నువ్వు సూసేది గాదు, నేను సూడాల. నీకు తెల్దు నొప్పి. నాకు తెలుస్తాది."

"అయితే నువ్వే ఏడువు" అన్నాడు. మళ్లీ నాడె విసిరాడు.

అవ్వ చేతిలోంచి కత్తెర లాక్కున్నాను. మగ్గం మీద పరిచిన పడుగు, ఒకటికొకటి ఆనుకుని వేల దారాలు, బిగుసుకుని ఉన్నాయి. ఈ చివర నుంచి ఆ చివరకు కోసేశాను. పది పన్నెండు సార్లు కత్తెర ఆడించాల్సి వచ్చింది. దారాలు తెగి వెనక్కి వెనక్కి లాక్కుపోయాయి. ఆయన చేతిలో నాడె అలాగే ఉంది. ముందర ఏమీ లేదు.

నేత ఇంట్లో పుట్టిన ఏ మనిషీ చెయ్యని పని అది. ఎలుక కొరికితేనే ఇంటికి అరిష్టం అంటారు. అవ్వ రొమ్ము బాదుకుంది.

"పడుగు కోసిందే! నా కూతురి కడుపున పుట్టి నా కొంపలో పడుగు కోసిందే! సేతులు పడిపోనూ!"

వీధి వీధంతా వచ్చింది. ఎవరూ ఆయన పగిలిన కట్టు చూడలేదు. తెగిన దారాలే చూశారు. ఆయన నన్ను చూడలేదు. చేతుల మీద ఒళ్లు ఈడ్చుకుంటూ గుంటలోంచి పైకి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మరుసటి రోజు ఎడ్లబండి మీద, బస్సు మీద అనంతపురం తీసుకుపోయి కట్టు మార్పించాను.

నేను ఆయన కాలు కోసమే కోశానా? ఇన్నేళ్లయినా చెప్పలేను. ఆ పూట నాకు కోపం కూడా ఉంది. పీలిక కట్టినప్పటి నుంచి నా మీద నాకున్న కోపం, నలభై రోజులు రుద్దిన చేతుల మీద కోపం, అదంతా ఆ కత్తెరలో ఉంది. మంచి పనే చేశానని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. చెడ్డ పని అన్నా మండుతుంది.

నాలుగు రోజుల తర్వాత ఆయన అవ్వను పిలిచి, "మా, రొంత బూడిద తెచ్చియ్యి" అన్నాడు. వేళ్లకు బూడిద రాసుకుని, తెగిన కొసలు రెండూ కలిపి మెలిపెడితే పట్టుదారం అతుక్కుంటుంది. ఆడవాళ్ల పని. చాప మీద కూర్చుని, కాలు దిండు మీద చాపుకుని, మొదటి దారం అతికాడు. తర్వాత రెండోది. రోజుకు రెండు మూడు వందలు అతికేవాడు. చెయ్యి అలవాటైన ఆడమనిషికి అది అరపూట పని. నేను ఎదురుగా కూర్చుని కొసలు ఏరి ఇచ్చేదాన్ని. ఇద్దరి తలలూ ఆనుకునేంత దగ్గర. మాట లేదు. కానీ ఆ పని చేస్తున్నంత కాలం ఆయన లేవలేదు. కాలు కింద పెట్టలేదు. దగ్గర దగ్గర నెల పట్టింది.

అతుకు పూర్తయ్యాక మళ్లీ గుంటలో నేనే కూర్చున్నాను. నాలుగు వేళ్ల వెడల్పు నేశానేమో, వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"మే, అంచు కాడ ఎద్దు నడ్స్తా ఉచ్చ పోసినట్టు వంకరగా పోతాండాది. నాడె ఇసిరేటప్పుడు మణికట్టు తిప్పాల, మోచెయ్యి కాదు."

అవ్వ పక్కున నవ్వింది. నేను తల తిప్పలేదు, కళ్లలో నీళ్లు కనపడతాయని. మణికట్టు తిప్పాను.

కట్టు తీసేసరికి ఏడు నెలలు పట్టింది. పాదం వంకరగానే అతుక్కుంది. అడుగు ఉబ్బుగానే ఉండిపోయింది. కానీ ఎముకలు కుదురుకున్నాయి, కాలు దక్కింది అన్నాడు డాక్టరు. ఇక గుంటలోకి దిగవద్దన్నాడు. ఒక్క ఆ పాదమే కాదు, ఒంట్లో ఏ ఎముకనూ నమ్మవద్దని చెప్పాడు. నిజమే అయింది. రెండేళ్ల తర్వాత గడప తట్టుకుని చెయ్యి ఆనించి పడితే మణికట్టు విరిగింది. ఇంకొకరికి ఆరు వారాల్లో అతుక్కునేది ఆయనకు నాలుగు నెలలు తీసుకుంది. ఆయన పోయింది మాత్రం ఎముకల వల్ల కాదు, గుండె వల్ల, పంతొమ్మిది వందల ఎనభైలు ముగిసేలోపు. రెండు కాళ్లతోనే పోయాడు. పడుగు కోసిన దానికి క్షమించాడో లేదో చెప్పి పోలేదు. నేను అడగలేదు.

కట్టు తీసిన తర్వాత మా ఊళ్లో చెప్పులు కుట్టే మాదిగ తాత ఒకాయన, ఆ వంకరకు సరిపోయేలా, లోపల మెత్తటి తోలు పెట్టి టైరు అట్టతో చెప్పు కుట్టిచ్చాడు. అది వేసుకుని మొదటిసారి వీధిలో నడిచాడు ఆయన. చేతిలో కర్ర. నేను నాలుగడుగులు వెనక, కళ్లు ఆ పాదం మీదే పెట్టుకుని నడుస్తున్నాను. చెప్పు జారుతుందేమో, రాయి గుచ్చుకుందేమో, రక్తం మరక పడుతుందేమో. బస్సు ఆగే చోటు దాకా పోయి, నిలబడ్డాడు. వెనక్కి తిరగలేదు.

"ఎనకే వస్తాండావా?"

"వస్తాండా మామా."

"కాలు సూస్తాండావా?"

"సూస్తాండా."

కర్రను ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"సూడు" అన్నాడు. "నాకు తెల్దు."

మళ్లీ నడక మొదలుపెట్టాడు. నేను వెనకే నడిచాను.